తెల్లబడ్డ ఉంగరం

గాలి అంటే ఆయనకు గిట్టేది కాదు. ఆ గదిలోకి ఎవరొచ్చినా ముందు వెనక్కి తిరిగి తలుపు వేయాలి. కిటికీ రెక్కల మధ్య సందులో కాగితం మడిచి కూరి ఉండేది. గాలి వస్తే దుమ్ము వస్తుంది, దుమ్ము పడితే పాదరసం మొహం మాడ్చుకుంటుంది అనేవాడు. అద్దంలా మెరిసేదాని మీద బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొర గాజుగొట్టం లోపల మరకై పాకుతుంది. ఆ మరక వెనక ఎవరో ఒక రోగి రక్తపోటు తప్పుగా కనిపిస్తుంది. అందుకని, తలుపు వేయండి.

ఊళ్లో ఆస్పత్రుల బీపీ మిషన్లు పాడైతే ఆయన దగ్గరికే వచ్చేవి. గాజుగొట్టంలో పాదరసం నిలువుగా లేచి, నెమ్మదిగా దిగే పాతరకం మిషన్లు. అంకెలు చూపించే కొత్తవి వచ్చినా, పాతవాటి మీద నమ్మకం చావని డాక్టర్లు కొందరు మిగిలే ఉన్నారు. చేతిపట్టీలో గాలి లేనప్పుడు పాదరసం సరిగ్గా సున్నా గీత మీద నిలబడాలి. వెంట్రుకవాసి కిందికున్నా ఆయన మిషన్ ఇచ్చేవాడు కాదు. అందుకు నర్సులు ఆయనకు సున్నా మేస్త్రి అని పేరు పెట్టారు. తర్వాత వీధి మొత్తం అదే పేరుతో పిలిచింది. బస్సు డ్రైవరైన బావమరిది ఆ పేరుకి ఇంకో వివరణ చెప్పేవాడు. బావ బ్యాంకు ఖాతా కూడా ఎప్పుడు చూసినా అంతే కచ్చితంగా ఉంటుందని.

పని చేస్తున్నప్పుడు ఆయన్ని చూడటం బాగుండేది. మిషన్ విప్పి, అడుగునున్న చిన్న గిన్నెలోంచి పాదరసాన్ని పింగాణీ పళ్లెంలోకి వంచేవాడు. తెల్లకాగితాన్ని గరాటులా చుట్టి, కొసన సూదితో చిల్లు పొడిచి, అందులో పోసేవాడు. పాదరసం సన్నటి వెండిదారమై కిందికి దిగేది. మురికంతా కాగితంలో నల్లగా మిగిలిపోయేది. ఆ తర్వాత గాజుగొట్టాన్ని స్పిరిట్‌తో కడిగి, స్పిరిట్ దీపం మీద అటూ ఇటూ తిప్పుతూ వెచ్చబెట్టేవాడు. గొట్టం గోడకి అంటుకున్న చిన్న చిన్న బొట్లు వేడికి మాయమయ్యేవి. ఎక్కడికి పోయేవో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. గొట్టం శుభ్రమైంది, అంతే.

చేయి జారి కింద పడ్డవాటికి మందు వేరే ఉండేది. బల్ల కింద రేకుడబ్బాలో పసుపుపచ్చటి గంధకం పొడి. పరిగెత్తే బొట్టు మీద ఆ పొడి చల్లితే అది మసకబారి, పరుగు మానేసి, పొడిలో కలిసిపోయేది. చీపురుతో ఎత్తేస్తే సరి. కనిపించిన బొట్లకే ఆ మర్యాద. కనిపించనివి గచ్చు పగుళ్లలోకి, గోడ మొదట్లోకి, బల్లకాళ్ల కిందికి చేరి, అక్కడ ఏళ్లతరబడి చీకట్లో కళ్లు తెరిచి పడుకునేవి.

పాదరసాన్ని మింగకపోతే అదేమీ చేయదు. ఆయనకు పని నేర్పిన పెద్దమేస్త్రి మొదటిరోజే ఆ మాట చెప్పి, ఒక బొట్టుని అరచేతిలో వేసి, గోళీలా దొర్లించి చూపించాడు. చల్లగా, బరువుగా, ఎటు వంచితే అటు పరిగెత్తే ఆ బొట్టుని చూసి కుర్రతనంలో ఉన్న సున్నా మేస్త్రి మనసు పారేసుకున్నాడు. మింగకపోతే చాలు. ఆ ఒక్క నియమాన్ని ఆయన జీవితమంతా పాటించాడు. పని ముగించి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునే అన్నం ముందు కూర్చునేవాడు.

ఆయనలో అలజడి ఎప్పుడు మొదలైందో భార్య చెప్పలేకపోయేది. అది తలుపు తట్టి వచ్చింది కాదు. తింటూ తింటూ లేచి వెళ్లి కుళాయి కట్టేసి ఉందో లేదో చూసొచ్చేవాడు. వచ్చి కూర్చున్నాక, తాళం వేశానా అనేవాడు. కుర్చీలో కూర్చుంటే కుర్చీ నచ్చేది కాదు, మంచం మీదికి వెళ్తే మంచం నచ్చేది కాదు. గోడమీది క్యాలెండర్ వంకరగా ఉందని సరిచేసి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, మళ్లీ సరిచేసేవాడు. పాలు పోసే మనిషితో గొడవ. పక్కింటి రేడియోతో గొడవ. నిద్ర ఆయన్ని వదిలేసి ఇంకెవరింటికో వెళ్లిపోయింది. అన్నిటికన్నా వింత, ఆయనకు మనుషులంటే బెరుకు పుట్టింది. ఆస్పత్రి నుంచి ఎవరైనా మిషన్ పట్టుకొస్తే తలుపు వెనకే నిలబడి, నువ్వు వెళ్లి మాట్లాడు అని భార్యకు సైగ చేసేవాడు. ఒకప్పుడు నర్సులతో గంటలకొద్దీ వేళాకోళమాడిన మనిషి.

ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. కాగితం కొసన సూదితో పొడిచే చిల్లు పక్కకు పోయేది. టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకునేవాడు. ఒలకకుండా ఉండాలని భార్య ఏమీ అనకుండా సగమే పోసేది. అన్నం సహించేది కాదు, నోట్లో ఎప్పుడూ ఇనపముక్క చప్పరిస్తున్నట్టుండేది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో తడిగుడ్డ మూటకట్టి వేలాడదీసినట్టు బరువు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. కాలేయం పాడవుతోందని కాగితం చెప్పింది. ఆవిడ ఆయన్ని తాగుతారా అని అడగలేదు, ఎంత తాగుతారు అని అడిగింది. అలవాటు లేదన్నాడు. ఆవిడ కాదనలేదు, కానీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లంతా ముందు అలాగే అంటారన్నట్టు తల ఊపింది. కామెర్ల పరీక్షలు చేయించింది, కడుపు స్కానింగ్ తీయించింది, నాటుమందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. ఏవీ కావు. ఏం పని చేస్తారంటే మెకానిక్ అన్నాడు. కొత్తమనిషి ముందు ఇంకో మాట పెగలలేదు ఆయనకు. విశ్రాంతి తీసుకోండి, ఆ ఒక్కటీ మానేయండి అని పంపించేసింది. బయటికొచ్చాక భార్యను మాత్రం వెనక్కి పిలిచి, ఇంట్లో సీసాలు ఎక్కడైనా దాస్తున్నారేమో చూడమంది.

ఆ మాట భార్య వెంట ఇంటిదాకా నడిచొచ్చింది.

ఆయన చొక్కాల్లో స్పిరిట్ వాసన పెళ్లయిన కొత్తలోనూ ఉండేది. అప్పుడది పని వాసన, మొగుడి వాసన. ఇప్పుడు అదే చొక్కాని బకెట్లో ముంచే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయేది. వణికే చేతులు, ఊరికే వచ్చే కోపం, మనుషుల నుంచి తప్పించుకోవడం, ఎప్పుడూ వేసి ఉండే తలుపు. ఒక్కొక్కటే ఉంటే ఏమీ కాదు. అన్నిటినీ వరసలో నిలబెడితే తాగుబోతు మొహం కనిపిస్తుంది. బావమరిది నవ్వించాలనే చూశాడు. బస్సెక్కే ముందు తాగానేమోనని నాచేత గొట్టంలో ఊదిస్తారు బావా, నీ గదికి ఆ రూలు లేక బతికిపోయావు, అన్నాడు. బావ నవ్వలేదు. చేతిలో ఉన్న గ్లాసుని గోడకేసి కొట్టాడు. అక్క కూడా నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆవిడ గాజుముక్కలు ఏరుతూ తలెత్తకుండా అడిగింది.

"ఒక్కసారి నిజం చెప్పండి. తిట్టను. ఎవరికీ చెప్పను."

"నేను తాగలేదు."

"మరి లివర్ ఊరికే పాడవుతుందా?"

"నాకేం తెలుసు? అది నన్నడిగి పాడవుతోందా?"

ఆవిడ ముక్కలన్నీ కాగితంలో చుట్టింది. నిజం చెప్పాలనిపించేదాకా మీ పక్క ఆ గదిలోనే అంది. దాచుకున్నదాని పక్కనే పడుకోండి అని కూడా అంది. మర్నాడు బావమరిది వచ్చి మంచాన్ని పనిగదిలోకి మోశాడు. గుమ్మంలో మంచంకోడు ఇరుక్కుంటే ఇద్దరూ చెరోవైపు లాగుతూ నిలబడ్డారు. ఈసారి ఎవరూ జోకులు వేయలేదు.

డాక్టరమ్మ విశ్రాంతి తీసుకోమంది కాబట్టి ఆయన విశ్రాంతి తీసుకున్నాడు. తలుపు వేసుకుని, కిటికీ మూసుకుని, బల్లకీ గోడకీ మధ్య మంచం మీద వెల్లకిలా పడుకుని. ఎండలు ముదిరాయి. గచ్చు వెచ్చబడింది. పగుళ్లలో పడుకున్నవి ఒక్కొక్కటే లేచి, రంగూ వాసనా లేని ఊపిరై ఆయన మంచం చుట్టూ తిరిగాయి. ఆయన ఎంత విశ్రాంతి తీసుకుంటే అంత నీరసపడ్డాడు. ఎంత నీరసపడితే అంత ఎక్కువసేపు ఆ గదిలో పడుకున్నాడు. రెండోసారి పరీక్ష చేస్తే లివర్ అంకెలు మొదటిదానికి రెండింతలయ్యాయి. ఇలాగే సాగితే కాలేయం గట్టిపడిపోతుంది, ఒకసారి గట్టిపడ్డాక మెత్తబడదు అని డాక్టరమ్మ భార్యతో సూటిగా చెప్పింది. ఆవిడ గొంతులో చిరాకు దాగలేదు. వైద్యం చేస్తుంటే వెనక నుంచి ఎవరో విషం పోస్తున్నట్టుంది అంది.

భార్య ఒక నిర్ణయానికి వచ్చింది. సీసా దొరికితే చాలు. దొరికిన రోజే పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్లిపోతుంది. చావడానికి సిద్ధపడ్డవాడికి కాపలా కాయడం తనవల్ల కాదు.

ఆయన తప్పనిసరై మిషన్ ఇవ్వడానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లింది. పాత రబ్బరు గొట్టాల మూటలు విప్పింది. అలమర వెనక చేయి పెట్టింది. బల్ల సొరుగులు బయటికి లాగి బోర్లించింది. స్పిరిట్ సీసా కనిపిస్తే మూత తీసి చూసింది, ఎప్పటి నీలిరంగు స్పిరిట్టే. ఎంతటి తాగుబోతైనా దాన్ని తాగడు. మంచం పక్కకి జరిపి, మోకాళ్ల మీద కూర్చుని, గోడకీ గచ్చుకీ మధ్య ఉన్న సందులో వేళ్లు పోనిచ్చి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమింది. సీసా లేదు. దుమ్ము, ఒక మేకు, ఇసకలా చల్లగా ఏదో. చేయి బయటికి తీసి కొంగుకి తుడుచుకుంది.

అప్పుడు చూసింది. వేలికున్న బంగారు ఉంగరం ఒకవైపు తెల్లగా ఉంది.

మురికేమో అనుకుంది. కొంగుతో రుద్దితే ఇంకా పాకింది. సబ్బుతో కడిగినా పోలేదు. వెలుతురులోకి వెళ్లి చూస్తే ఉంగరం సగం వెండి, సగం బంగారం. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. అదేంటో తెలియదు.

వీధి చివర కంసాలి దగ్గరికి వెళ్లింది. అతను ఉంగరాన్ని భూతద్దంలోంచి చూసి, ఇది పాదరసమమ్మా అన్నాడు. బంగారానికి పాదరసమంటే మహా మోజు, కనిపిస్తే చాలు తాగేస్తుంది. కాలిస్తే పోతుంది, ఇలా ఇవ్వండి, క్షణంలో పని. ఆవిడ ఇవ్వబోయి చేయి వెనక్కి తీసుకుంది. కాలిస్తే ఎక్కడికి పోతుంది అని అడిగింది. గాల్లోకి పోతుందమ్మా, ఇంకెక్కడికి అన్నాడు కంసాలి.

గాల్లోకి. ఆవిడకు మంచం గుర్తొచ్చింది. కిటికీ సందులో మడిచి కూరిన కాగితం గుర్తొచ్చింది. ఆ గాల్లో మొగుణ్ని పడుకోబెట్టింది తనే.

ఉంగరాన్ని కంసాలి దగ్గర అడిగి తీసుకున్న మూత ఉన్న చిన్న సీసాలో వేసుకుని, అటునుంచి అటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. మాటలు కూడబలుక్కుని చెప్పేలోపు కన్నీళ్లొచ్చాయి. డాక్టరమ్మ సీసాని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. మెకానిక్ అంటే ఏం మెకానిక్ అని అప్పుడు అడిగింది. సమాధానం విని తల పక్కకి తిప్పింది. ఆవిడ బల్ల మీదే ఉంది, సున్నా మేస్త్రి కిందటి నెల సరిచేసి ఇచ్చిన బీపీ మిషన్.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకెళ్లింది, డాక్టరమ్మ గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మూత్రపరీక్షకి పంపించారు. ఫలితం రాకముందే డాక్టరమ్మకు తెలిసిపోయినట్టుంది. మీ గదిలో పాదరసం కింద పడితే ఏం చేస్తారు అని ఆయన్ని అడిగింది. పని మాట కాబట్టి ఆయన నోరు విప్పాడు.

"గంధకం చల్లుతాను. గంధకాన్ని చూస్తే వదలదది. అంటుకుపోతుంది."

"అదే మీ కాలేయం కూడా చేస్తోంది, ఇన్నేళ్లుగా," అంది డాక్టరమ్మ.

ఆవిడ చెప్పింది ఆయనకు బొమ్మలా కళ్లకు కట్టింది. ఆవిరి మింగక్కర్లేదు, ముక్కులోంచి వెళ్తుంది. ఊపిరితిత్తుల్లోంచి నెత్తుట్లోకి, నెత్తుట్లోంచి మెదడుకి, మూత్రపిండాలకి, కాలేయానికి. కాలేయంలో ప్రతి కణం దగ్గరా గంధకం కలిసిన ఒక కాపలా పదార్థం ఉంటుంది. విషం ఏది వచ్చినా అది ముందు వెళ్లి పట్టుకుంటుంది. పాదరసం దానికి అంటుకుపోతుంది, కాపలా ఖర్చయిపోతుంది. కణం మళ్లీ తయారుచేసుకుంటుంది. మళ్లీ ఆవిరి వస్తుంది. తయారుచేసుకునే వేగం కన్నా వచ్చే వేగం ఎక్కువైన రోజున డబ్బా ఖాళీ. అప్పుడు పాదరసం కణంలో మిగతా పనిముట్ల మీద పడుతుంది. కణానికి వేడీ బలమూ ఇచ్చే బుల్లి పొయ్యిలుంటాయి లోపల. అవి సరిగ్గా మండక పొగ చూరుతాయి. ఆ పొగ కణం గోడనే కొరుకుతుంది. గోడ చిల్లులు పడి లోపలి సరుకు నెత్తుట్లోకి కారిపోతుంది. రక్తపరీక్షలో పెరిగాయన్న అంకెలు ఆ కారిపోయిన సరుకే. తాగినా దాదాపు ఇలాగే కారుతుంది. అంకెలు చూసి, ఎవరు చిల్లు పొడిచారో చెప్పలేం. వణుకూ, కోపం, బెరుకూ మాత్రం మెదడు చెప్పుకుంటున్న మొర. నేను దాన్ని కూడా తాగుడు ఖాతాలోనే వేశాను, తప్పు నాదే అంది.

చివరి మాట ఆయన వినలేదు. తన పొట్టలో ఎక్కడో ఒక రేకుడబ్బా, పొద్దస్తమానం పసుపుపచ్చ పొడి చల్లుతున్న ఒక చేయి, అడుక్కి తగిలి గరగరమంటున్న డబ్బా. అదే వింటున్నాడు.

"ఇప్పుడు డబ్బా నిండుతుందా?" అని అడిగాడు.

"గట్టిపడకముందే వచ్చారు. గదిలోంచి బయటికొస్తే నిండొచ్చు. వస్తారా?"

ఆయన కుర్చీ చేతిని గోటితో గీకుతూ కూర్చున్నాడు. అదే ఆయనకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. ఆ గది కాకుండా ఆయనకు నిలబడ్డానికి ఇంకో సున్నా గీత లేదు.

భార్య జవాబు చెప్పింది. వస్తారు, మా తమ్ముడింట్లో ఉంటాం అంది. తాగేది మీరు కాదని తెలిసింది, నా ఉంగరమని తెలిసింది, ఇంక నా మాట వినండి అంది. ఆయన ఆవిడ వైపు చూశాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వబోయి, ఎవరు ముందో తేలక ఆగిపోయారు.

గదిని శుభ్రం చేయడానికి ముఖాలకు తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చారు. చీపురు వేయొద్దన్నారు, దుమ్ములాగే మిషన్ పెట్టొద్దన్నారు, రెండూ ఆవిరిని ఇల్లంతా చల్లుతాయట. గచ్చు పెళ్లగించారు. ఎదురింటి అరుగు మీద నిలబడి ఆయన చూశాడు. ఒక్కో పెళ్ల లేపినప్పుడల్లా కింద వెండి కళ్లు మిలమిల్లాడాయి. ఇంత జారిందా నా చేతిలోంచి అన్నాడు. పక్కనున్న బావమరిది, ఇంట్లో ఇంత వెండి పెట్టుకుని మాకు ఒక గిన్నెయినా చేయించలేదు కదా బావా అన్నాడు. అని, బావ భుజం మీద చేయి వేసి, ఆ చేయి తీయలేదు.

మిషన్లు ఇంక బాగుచేయనని చెప్పడానికి ఆయన ఆస్పత్రికి స్వయంగా వెళ్లాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మళ్లీ వెళ్లాడు.

ఒంట్లోని పాదరసాన్ని పట్టుకుని బయటికి పంపే మాత్రలు ఇచ్చారు. మూత తీస్తే కుళ్లిన వాసన, గంధకం వాసన. ఆయన మాత్రల సీసాని పాత స్నేహితుణ్ని చూసినట్టు చూశాడు. కాలేయం అంకెలు మెల్లగా, మొరాయిస్తూ, మిషన్‌లో గాలి వదిలినప్పుడు పాదరసం దిగినట్టు దిగాయి. వణుకు అంత తొందరగా దిగలేదు. అలజడీ పూర్తిగా పోలేదు. బావమరిది ఇంట్లో ఆయన అలమరలన్నీ సరిగ్గా నిలువుగా ఉన్నాయో లేదో చూశాడు, తలుపు బిగింపులు సరిచేశాడు. పనేమీ లేని చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేవి, విడిపించుకునేవి. అయినా కొన్నిసార్లు నిద్ర వచ్చేది. వచ్చి, చెప్పకుండా చాలాసేపు ఉండేది.

సొంతింటికి తిరిగొచ్చాక ఆయనకు ఒక కోరిక పుట్టింది. భార్య వేలు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఉంగరాన్ని మళ్లీ బంగారం చేయించి తీసుకురావాలి. తన మీద నమ్మకం తిరిగొచ్చినందుకు ఇవ్వగలిగింది అదొక్కటే అనిపించింది. సీసా జేబులో వేసుకుని కంసాలి దగ్గరికి వెళ్లాడు.

కంసాలి గది చిన్నది. కిటికీకి గోనెపట్టా కట్టి ఉంది. కంసాలి ఉంగరాన్ని చూసి గుర్తుపట్టి, మళ్లీ నా దగ్గరికే వచ్చిందన్నమాట అని నవ్వుతూ పట్టకారు అందుకున్నాడు. అందుకుంటున్న చేయి కొద్దిగా, చూసే అలవాటున్నవాళ్లకే తెలిసేంత, అదిరింది. సున్నా మేస్త్రి ఆ చేతిని చూశాడు. గోనెపట్టాని చూశాడు.

"పట్టా తీసి చేస్తావా?"

"తీస్తే మంట నిలవదండీ."

"ఇలాంటివి చాలా వస్తాయా నీకు?"

"వస్తుంటాయి. భయపడకండి, మింగకపోతే అదేం చేయదు."

మాట ఆయన చెవిలో పడి, లోపల ఎక్కడో చాలా పాత గదిలో దొర్లింది. కొత్తవాళ్లతో మాట్లాడలేని మనిషి ఆ బల్ల ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాడు. రేకుడబ్బా గురించి, చిల్లులు పడ్డ గోడల గురించి, తడిగుడ్డ మూట గురించి. మధ్యలో తడబడ్డాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కంసాలి సగం విన్నాడు, సగం నవ్వాడు. నా లివర్ ఇనపదండీ అన్నాడు. ఒక్కసారి రక్తపరీక్ష చేయించుకో, డాక్టరమ్మకు నీ పని ఇదని చెప్పు, అది మాత్రం మర్చిపోకు అని సున్నా మేస్త్రి పట్టకారులోంచి ఉంగరాన్ని సీసాలోకి తీసుకుని మూత బిగించాడు. మూత మరలో పడటానికి మూడోసారి తిప్పాల్సొచ్చింది. కంసాలి ఆ చేతులకేసి చూసి నవ్వడం ఆపాడు.

ఇంటికొచ్చి సీసాని భార్య ముందు పెట్టాడు. అది ఇంకా తెల్లగానే ఉంది. ఏమంటుందోనని నిలబడ్డాడు.

ఆవిడ సీసాని చేతిలోకి తీసుకుంది.

"కిటికీ మూసి కాలుస్తాడా?"

"మూసే కాలుస్తాడు."

"అయితే వద్దులెండి," అంది.

అని, సీసాని తీసుకెళ్లి ఆ గదిలో, కొత్త గచ్చు ఉన్న, బల్ల లేని, రెండు రెక్కలూ బార్లా తెరిచిన కిటికీ గట్టు మీద పెట్టింది. గాలి వచ్చింది, దుమ్ము కూడా వచ్చింది. ఆయన ఊరుకోలేక వెళ్లి, సీసా కొంచెం వంకరగా ఉందని సరిచేశాడు. రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మళ్లీ ముందుకెళ్లబోయి, ఆగి, అలాగే ఉండనిచ్చాడు.